చేపకొచ్చిన కడుపు

బ్లాంటైర్‌లో ఒక ఇంటి ముందుగదిలో, అద్దాల చేపలతొట్టి దగ్గర అత్తాకోడళ్ళు నిలబడి ఉన్నారు.

“చూశావా, ఈ ఇంట్లో చేపకైనా కడుపొచ్చింది. అందుకే రోజూ ఉసిపా ఎండుచేపలు నలిపి వేస్తున్నా.”

“అది కడుపు కాదత్తయ్యా, జబ్బు. రాళ్ళ మీది పాచి తిని బతికే చేప ఇది. మీ ఎండుచేపలు అరక్కే పొట్ట ఉబ్బింది.”

“ఈ చేపలుండే సరస్సు ఒడ్డున పుట్టినదాన్ని, నాకు చెప్తున్నావా?”

“ఒడ్డున పుట్టారుగా, ఇది గుడ్లు ఎక్కడ మోస్తుందో చెప్పండి.”

“నోట్లో.”

“మరి కడుపైతే పొట్టెందుకు ఉబ్బుతుంది? నీళ్ళలో మందు కలిపాను. పొట్ట తగ్గేదాకా దీనికి పస్తే.”

“పాపం, ఒక్క చిటికెడు...”

“చిటికెడు కూడా వద్దు. నాకు కడుపు రావాలని గంజిలో కలుపుతున్నారే, ఆ వేరు పొడి కూడా వద్దు. అంత నమ్మకముంటే రేపట్నుంచి మీ అబ్బాయి గంజిలో కలపండి.”