మసకబారిన సీసా

ఊరికి తాగునీరు పంపే కేంద్రంలో అది పరీక్షగది. మధ్యాహ్నపు పని ముగించి పెద్దావిడ గాజుసీసాలు కడుగుతున్నది. ఆమె కింద పనిచేసే అమ్మాయి వాటిని తుడిచి బల్లమీద బోర్లిస్తున్నది.

"పై దేశంలో చదువుకి సీటొచ్చి వారమైంది. ఆ కాలేజీవాళ్ళకింకా ఏ సంగతీ చెప్పలేదా?"

"రేపటిలోగా చెప్పాలక్కా. వెళ్ళాలనీ ఉంది, కాలూ కదలడం లేదు."

"ఎలా కదులుతుంది? గుమ్మంలో ఎక్కించుకునే ఆఫీసు బస్సు, వేళకి జీతం. ఇవన్నీ వదిలేసి, ముప్పై ఏళ్ళొచ్చాక, దేశం కాని దేశంలో మళ్ళీ పలకా బలపమా?"

"నీళ్ళు ఎందుకు చెడతాయో నేర్పే చదువక్కా అది."

"ఇక్కడున్నవి నీళ్ళు కావా?"

"రోజూ అవే నీళ్ళు, రోజూ బాగున్నాయని రాయడమే. ఒకటి చెబితే తిట్టవుగా?"

"విన్నాక తిడతాలే."

"మొన్నొక సీసాలో నీళ్ళు మసకగా కనిపించాయి. గుండె ఝల్లుమనాలి కదా? నాకు పండగైంది, కొత్తదేదో దొరికిందని. తీరా చూస్తే సీసా సరిగ్గా కడగలేదంతే. నీళ్ళు మంచివే."

"హమ్మయ్య అనుకున్నావా?"

"లేదక్కా. ఉసూరుమన్నాను."

పెద్దావిడ కుళాయి కట్టేసింది.

"ఆ నీళ్ళే మా మనవరాలు తాగుతుంది."

"తెలుసు. అప్పట్నుంచీ నిద్రలేదు."

"అయితే రేపటిదాకా ఎందుకు? వస్తానని ఇప్పుడే చెప్పు. చెడ్డ నీళ్ళున్నచోటే వెతుక్కో. ఇక్కడ కావలసింది, బాగున్నాయంటే రోజూ సంతోషించే మొద్దు."

"నీలాగానా?"

"నాలాగే. ఆ గుడ్డ ఇలా ఇవ్వు. తుడవడం నేను చూసుకుంటాను."