మాగజైన్ నింపే మనిషి

ఇంక ఆ ట్రిగ్గర్ జోలికి పోకండి బాబాయ్. దాంట్లో లోపం లేదు. మీరు స్ప్రింగ్ మార్చిన ప్రతిసారీ ‘ఇంకా బిగుతుగానే ఉంది’ అన్నానే, అదంతా బుకాయింపు. పేలే ముందు నేను కళ్ళు మూసుకుంటున్నాను.

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. అద్దం ముందు కూడా అనలేదు.

అలా చూడకండి. ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టి కాసేపు కూర్చోండి. ఈ షూటింగ్ రేంజ్‌లో తుపాకులు బాగుచేసేది మీరొక్కరే, మీకు కాక ఎవరికి చెప్పను? కోచ్‌కా? చెప్పిన మరుక్షణం టీమ్‌లోంచి తీసేస్తాడు.

కొత్తవాళ్ళు చప్పుడుకి బెదిరి మూసుకుంటారు, నిజమే. నాకు చప్పుడు కొత్తా చెప్పండి? అక్కా నేనూ వీడియోలు చూసి, ఒకరినొకరు తిట్టుకుని నేర్చుకున్నవాళ్ళం. నాకసలే కుదురు లేదు. తూటాల డబ్బా చేతికొస్తే ఖాళీ అయ్యేదాకా పేల్చేదాన్ని. ‘గోడకి కన్నాలు పెట్టడానికొచ్చావా, గురి నేర్చుకోడానికొచ్చావా? ఏం తెలుసుకుందామని పేలుస్తున్నావో చెప్పి పేల్చవే’ అనేది అక్క.

రోజుకో ప్లాన్ వేసేది. ముందు తూటా లేకుండా, తెల్లగోడ ఎదురుగా నిలబెట్టి ఊరికే ట్రిగ్గర్ నొక్కించేది. పిస్టల్ ముక్కు ఇసుమంత కదలకూడదు. తర్వాత నల్లచుక్క లేని ఉత్త కాగితం. చుక్క కనపడకపోతే ఆశ ఉండదు, అప్పుడు చెయ్యి నిజం చెబుతుందనేది. తూటాలన్నీ ఒక్కచోటే పడుతున్నాయని నేను మురిసిపోతుంటే సరిగ్గా అప్పుడే ఆపించేది. ఎంత అలిగేదాన్నో.

చివర్న డమ్మీల ఆట. నన్ను అటు తిరిగి నిలబడమని, అసలు తూటాల మధ్య పేలని డమ్మీలు కలిపి నా మాగజైన్ నింపేది. ఏది ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. డమ్మీ వస్తే టిక్‌మంటుంది, అంతే. బెదిరిన చెయ్యి అక్కడ దొరికిపోతుంది. పేలకపోయినా పిస్టల్ తల వంచేస్తుంది. ‘ఎవరికే ఆ నమస్కారం?’ అని పడీ పడీ నవ్వేది.

నా బెదురుకి మందు ఆ ఆటొక్కటే. ఒంటరిగా ఆడే ఆట కాదది.

ఆడి చూడలేదనుకున్నారా? కళ్ళు మూసుకుని నేనే కలిపి నింపాను. డమ్మీ తేలిక కదా, ఏది ఎక్కడుందో వేళ్ళు కనిపెట్టేస్తున్నాయి. పక్క లేన్‌వాళ్ళని అడగాలంటే భయం. నా చెయ్యి వంగడం ఒక్కరు చూస్తే చాలు, సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

ఎప్పటినుంచా? సెలెక్షన్ రోజు నుంచి. టీమ్‌లో ఉన్నది ఒక్క చోటు, పక్కపక్కన ఇద్దరం. వెంట్రుకవాసి తేడాతో నేను పైకొచ్చాను. తను నా భుజం తట్టింది. పిస్టల్ తుడుచుకుని పెట్టెలో పెట్టుకుంది. ‘ఇకనించి నీ మాగజైన్ నువ్వే నింపుకో’ అంది. కోపంగా అన్నా బాగుండేది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు తాళంచెవి చేతిలో పెట్టినట్టు అంది.

ఇప్పుడు కళ్ళజోళ్ళ కొట్లో చేస్తోంది. వచ్చినవాళ్ళ చెవుల వెనక ఫ్రేములు సర్దుతుంటుంది. నేను అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి చూసి వచ్చేస్తుంటాను.

పిలవొచ్చుగా అని మీరు సులువుగానే అంటారు. జాబితాలో నా వెనక పేరు తనదే బాబాయ్. వచ్చేవారం టీమ్ పరీక్షలో నేను తప్పితే ఆ చోటు తనకే వెళుతుంది. అలాంటిదాన్ని పట్టుకుని, వచ్చి నా బెదురు వదిలించవే, నీ దారి నువ్వే మూసుకోవే అననా? ఏ మొహం పెట్టుకుని?

అడక్కుండా ఊరుకున్నా ఒరిగేదేం లేదు. కళ్ళు మూసుకుని అంతా పాడుచేస్తాను. చెల్లెలు జారవిడిచిన చోటు ఏరుకునే రకమా అక్క?

ఒక్కోసారి ఇది అసలు బెదురే కాదేమో అనిపిస్తుంది. ఆ చోటు దానికి ఇచ్చెయ్యాలని లోపలెక్కడో ఉందేమో. నోటితో ఇవ్వడానికి మనసొప్పట్లేదు. అందుకే కళ్ళు దొంగచాటుగా ఇచ్చేస్తున్నాయేమో. ఏమో, మీకు పిచ్చిదానిలా కనపడుతుండొచ్చు.

రేపటి ప్రాక్టీసుకి ప్లాన్ వేద్దామని పొద్దున్నుంచీ చూస్తున్నాను. ఎటునుంచి వేసినా ఒక మనిషి తక్కువ పడుతోంది.

సరే. పిస్టల్ మీ దగ్గరే ఉంచండి. బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ చేస్తాను. అక్కా, కళ్ళు మూసుకుంటున్నానే అని, ముందు ఆ ముక్క చెప్తాను. నింపడానికి వస్తుందో, నా బదులు పేల్చడానికి వస్తుందో తనే తేల్చుకోనీ. ఫోన్ పెట్టేస్తుందా, పెట్టెయ్యనీ.

ఈపాటికి కొట్లో జనం పల్చబడి ఉంటారు. చేస్తాను బాబాయ్. ఇప్పుడే చేస్తాను.