మావయ్య మీటిన బెల్టు

వయొలిన్లూ హార్మోనియంలూ బాగుచేసే మనిషి కాబట్టి వీధంతా ఆయన్ని శ్రుతి మావయ్య అంటారు. తీగకి శ్రుతి కలపడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఉన్నమాట చెప్పుకోవాలి. మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో లాక్కుపోతాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఎండ మెత్తబడి వసారాలో అందరికీ కునుకు పడుతున్న వేళ, ఆయన పడక్కుర్చీలో వాలి గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా దర్జీ, పక్కన పెన్షను పుచ్చుకుంటున్న పోస్ట్‌మాస్టరు, మెట్టు మీద మేనకోడలు. షెడ్డులో వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. దాని తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది.

నాన్న పోయాక ఆ కారు కదల్లేదు. పోయే ముందు ఆయనే దానికి కొత్త టైమింగ్ బెల్టు, ఇంజను లోపలి భాగాల్ని లయ తప్పకుండా తిప్పే పళ్ళ పట్టీ, వేశాడు. కొత్త బెల్టు కొన్నాళ్ళు తిరిగాక సాగుతుంది, మూత తీసి మళ్ళీ బిగువు సరిచూడాలి. ఆ పని చెయ్యడానికి ఆయన మిగల్లేదు. బెల్టు వదులై ఒక్క పన్ను జారిందంటే చాలు, ఇంజను లోపలివన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని తుక్కైపోతాయి. "నేనుండగా మెకానిక్కెందుకే? నిన్న మధ్యాహ్నం నువ్వు ఆఫీసులో ఉండగా చేసేశాను" అన్నాడు మావయ్య. ఈ సాయంత్రం సముద్రం దాకా తనే నడుపుకుంటూ వెళ్ళాలని ఆమె ఆశ. తాళం తిప్పొచ్చో లేదో, ఆ ఒక్క ముక్క తేలితే చాలు.

"బిగువు సరిపోయిందా మావయ్యా?"

"సరిపోవడమా! విను తల్లీ. బెల్టుని రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టాను. పావు చుట్టు తిరగాలి, అంతే తిరిగింది. నట్టు వెంట్రుకవాసి బిగించాను. ఇది ఎవడైనా చేస్తాడు, నేను గొప్పలు పోను. కానీ చెవి ఊరుకోదుగా, ఒక్కసారి మీటాను. అబ్బ! ఎలాంటి నాదమనుకున్నావు, వంటింట్లో గ్లాసులన్నీ వంత పాడాయి, నా కొట్లో గోడకి వేలాడే వయొలిను, దాన్ని ముట్టుకున్నవాడు లేడు, అక్కణ్ణించి అదే స్వరం పలికింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గ్లాసులు పగిలాయి" అన్నాడు దర్జీ.

"నీ మొహం. వీధి వీధంతా నిద్రపోయింది! కూరగాయలాయన తక్కెడ పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే గురక. మంగలి కత్తి గాల్లో ఉంది, గడ్డానికి నురగతో ఆ కూర్చున్నాయన పాపం సగం గడ్డంతోనే నిద్ర. చౌరస్తాలో పోలీసు చెయ్యెత్తి ఆపాడు చూడు, బళ్ళూ నిద్రే, పోలీసూ నిద్రే."

పోస్ట్‌మాస్టరు కళ్ళు మూసుకునే, "నేను నిన్న మధ్యాహ్నం నిద్రపోయిన మాట నిజమే" అన్నాడు.

"చూశారా, సాక్ష్యం! అందరికీ కలిపి ఒకటే కల. ఇదిగో ఈ ఎర్ర కారు, పాలనురగ లాంటి మబ్బుల మీద రోడ్డు, స్టీరింగు దగ్గర నేను. దర్జీ, నువ్వు వెనక సీట్లో కూర్చుని కోటు కుడుతున్నావయ్యా."

"ఆ కారుకి వెనక సీటెక్కడిదండీ?"

"కలలో ఉంటుంది, నువ్వు కుట్టు. ఇంజను చప్పుడు లేదు, పెట్రోలు లేదు, ఆ బెల్టు నాదం మీదే తేలిపోతున్నాం. కింద మేడల మీద ఆరేసిన బట్టలన్నీ మాకు టాటా చెబుతున్నాయి. అలా పోగా పోగా పగటి చందమామ అడ్డొచ్చాడు. చూస్తే కొంచెం వదులుగా ఉన్నాడు, గాలికి ఊగుతున్నాడు. చూస్తూ ఎలా ఊరుకుంటాం? స్పానరు వేసి పావు చుట్టు తిప్పాను. రాత్రి వెన్నెల అంత బిగువుగా ఎందుకు కాసిందనుకున్నారు మరి?"

మేనకోడలు నవ్వింది. మెట్టు మీద ఎండ వెచ్చగా ఉంది, మావయ్య గొంతు జోలపాటలా సాగుతోంది, ఆ మబ్బుల రోడ్డు తన కళ్ళ ముందే పరుచుకుంటున్నట్టుంది. నమ్మితే ఎంత బాగుండు అనిపించింది ఆమెకి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" మావయ్య గొంతు తగ్గించాడు. "చందమామ దాటాక ఒక మలుపు. ఆ మలుపులో బావ నిలబడి ఉన్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ."

పోస్ట్‌మాస్టరు కళ్ళు తెరిచాడు.

"నాన్న ఏమన్నాడు?" అందామె.

"బెల్టు ఎలా ఉందిరా అన్నాడు. దివ్యంగా ఉంది బావా అన్నాను. అయితే అమ్మాయిని ధైర్యంగా తాళం తిప్పమను, అన్నాడు."

ఆమె లేచింది. షెడ్డులోకి వెళ్ళి కారు బానెట్ ఎత్తింది. తాళం తిప్పుతుందనుకుని ముగ్గురూ వెనకాలే వచ్చారు. ఆమె తిప్పలేదు, వంగి ఇంజను ముందుభాగం చూస్తూ ఉండిపోయింది.

"మావయ్యా, ఇలా రా. బెల్టు ఈ నల్ల మూత వెనకే కదా ఉంటుంది?"

"ఆ... వెనకే."

"మూతకి ఈ బోల్టుల మీద ఎర్ర గీతలేమిటి?"

మావయ్య వంగి చూడబోయి వెనక్కి తగ్గాడు.

"అమ్మ గోళ్ళరంగు. బిగించిన ప్రతి బోల్టు మీంచీ పక్క భాగం మీదికి నాన్న ఒక గీత గీసేవాడు, బోల్టు ఏమాత్రం కదిలినా తెలిసిపోవాలని. ఒక్కటీ చిట్లలేదు. మూతే తియ్యకుండా బెల్టు ఎలా మీటావు?"

"కలలో మూత ఉండదేమో" అనబోయి దర్జీ సగంలో మింగేశాడు.

మావయ్య స్టూలు మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషీ చిన్నబోయి కనిపించాడు. "నిన్న స్పానరు పెట్టాను తల్లీ. ఒట్టు, పెట్టాను. ఆ గీత చూశాను. వంకర లేకుండా ఎంత ఓపిగ్గా గీశాడో! బావ చెయ్యి అక్కడే ఉన్నట్టు అనిపించింది. తిప్పబుద్ధి కాలేదు. ఆ మాట నీతో చెప్పడానికి నోరు రాలేదు."

ఆమెకి వచ్చిన కోపం ఏడుపైపోయింది. "చెప్పాల్సింది మావయ్యా. నాన్న పేరు పెట్టి తాళం తిప్పమన్నావు. తిప్పేసేదాన్ని."

కళ్ళు తుడుచుకుని, తాళంచెవి కారు అంచున పెట్టి, గోడకున్న స్పానరు తీసింది. మొదటి బోల్టుకి తగిలించి, ఒక్క క్షణం ఆగి, తిప్పింది. ఎర్ర గీత టప్పున చిట్లింది. రెండోది, మూడోది. మూత తీసి పక్కన పెట్టింది. లోపల పళ్ళ పట్టీ కనిపించింది, దుమ్ము కూడా పడలేదు.

"ఇప్పుడు చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

మావయ్య చొక్కా అంచుకి చేతులు తుడుచుకుని బెల్టుని రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టాడు. పావు చుట్టు దాటినా అది ఆగలేదు, తిరుగుతూనే ఉంది.

"వదులుగా ఉందమ్మా. చాలా వదులుగా ఉంది."

ఆమె తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. స్పానరు ఆయన చేతిలో పెట్టింది.

"బిగించు మావయ్యా. నేను లైటు పట్టుకుంటాను."