వెచ్చబడిన పెట్టె

గుంట ఎండగానే చచ్చిపోయి, గుడ్లను మట్టిలో వదిలే చేపలవి. ఆ గుడ్లను చెమ్మ కొబ్బరి పీచులో చల్లగా దాచిన పెట్టె ముందు చెల్లెలు, గుమ్మంలో అన్నయ్య.

“పీచు పొట్లాలేవి అన్నయ్యా?”

“ముందు కాళ్లు కడుక్కో. ట్రైనింగు ఎలా జరిగింది?”

“చెయ్యి పెడితే పెట్టె వెచ్చగా ఉంది. ఐసు సీసాలు మార్చడం ఎప్పుడు మానేశావు?”

“మార్చాను. మొదట్లో మార్చాను.”

“మొదట్లోనా?”

“వచ్చీ రాగానే నిలదీస్తావేంటే? ఆ కిటికీ పక్క తొట్టి చూడు. ఎంత ముద్దుగా ఉన్నాయో. అన్నీ బతికే ఉన్నాయి.”

“నీళ్లు పోసేశావా?”

“నువ్వెలాగూ పోసేదానివే కదా.”

“వానలొచ్చాక. గుంటలో. చల్లగా ఉన్నంతకాలం అవి పీచులో పడుకునే ఉంటాయని నీకు నూరుసార్లు చెప్పాను. వానలకి ఇంకా నాలుగు నెలలున్నాయి. వీటి ఆయుష్షే అంత.”

“మళ్లీ గుడ్లు పెడతాయిలే.”

“పెడతాయి. ఆ కొత్త గుడ్లు పడుకుని లేచేసరికి వానలు వెళ్లిపోతాయి. వానల్లో గుంటలో చేప కనబడకపోతే పూడ్చుకోవచ్చని ఫారెస్టు ఆఫీసువాళ్లు నువ్వు పనిచేసే బిల్డరుకి చెప్పారు. గుంటలో మట్టంతా నిరుడు నీ మిషనుతోనే ఎత్తేశావు. మిగిలినవి ఈ గుడ్లే. తెలిసే చేశావా?”

“నాకేం తెలుసే, మట్టి తవ్వేవాణ్ణి.”

“నా మొహం చూసి చెప్పు.”

“సూపర్‌వైజరుని చేస్తామన్నారు. ఆ మిషను ఊపుకి నా నడుం పోయింది. పక్కకి తిరిగి పడుకోలేను.”

“నాతో ఎప్పుడూ అనలేదే?”

“నీకు చేపల మాట తప్ప ఏం వినబడుతుంది?”

“నిన్ను నమ్మి కదా పెట్టె ఇక్కడ పెట్టాను. లాబ్‌లో ఎందుకు, ఇంట్లోనే ఉంచు, మీ అన్నయ్య ఉన్నాడుగా అని మా లాబ్ మేడమ్ కూడా అంటే మురిసిపోయాను. ఫోన్ ఇటివ్వు.”

“ఎవరికి?”

“మేడమ్‌కి. ఏం చేయాలో ఆవిడే చెప్పాలి. ఆఫీసుతో మాట్లాడేదీ ఆవిడే.”

“వద్దులే.”

“ఎందుకొద్దు? సిగ్గేస్తోందా?”

“ఇప్పుడు కాదు. ముందు అన్నం తిను.”

“ఆగు. గుడ్డులో కళ్లు కనబడ్డాకే నీళ్లు పోయాలి. అదీ చల్లటి నీళ్లు. లేకపోతే సగం చచ్చేవి. నీకది ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పారులే.”

“ఎవరు?”

“బిల్డరు కారులో వచ్చి, మీ మేడమే పోసిందే. నేను తొట్టి పట్టుకున్నానంతే.”