కబడ్డీ కోర్టుల మిర్పకాయలు

కూసో తేజస్వినీ, చెప్త. మీ బడి మీటింగుల ఈ తాత ఎందుకు లేచి లొల్లి పెట్టిండనేగదా నీ పరేషాన్? టెన్త్ పిల్లలకు ఆటల పీరియడ్ బంద్ చేస్తం, ఇంటర్వెల్ల గూడ పరీక్షలు రాపిస్తం, సంతకాలు పెట్టుర్రి అన్నడు మీ పెద్దసారు. గా మాట ఇనంగనే నాకు జహంగీర్ సార్ యాదికొచ్చిండు. ఆయన పోయి పదిహేనేండ్లాయె. మా నర్సింహులపేట బడిల డ్రిల్లు సార్. బక్కపల్చటి మనిషి, మెడల ఎప్పుడు ఊదే సీటీ ఉంటుండె. కబడ్డీ కోర్టు మన్ను తనే జల్లెడ వట్టి, ఊక కలిపి పరుస్తుండె. 'ఆడపిల్లల మోకాళ్లు గీరుకపోతే ఇంట్లకెల్లి మళ్ల ఆటకు పంపరు వీరస్వామన్నా' అని నాతోని అంటుండె.

మీ అమ్మ నీరజ టెన్తుల ఉన్నప్పుడు గిదే కత. ఆటలు బందువెట్టి లెక్కలు చెప్తమన్నరు. నేను బడి కమిటీల ఉంటి. అందరికన్న ముందు సంతకం నేనే పెట్టిన. పిల్ల ఫస్టు క్లాసుల పాసైతదని ఆశ. గంతటితోని ఊకున్ననా? కోర్టు ఖాళీగనే ఉన్నదిగదా అని మా మిర్పకాయలు తీస్కపోయి గాడ ఎండవోసిన. నవ్వకు. పగటీలి గాలి లేసింది, ఘాటంత క్లాసులకు గొట్టింది. పిల్లలు తుమ్ముడే తుమ్ముడు, లెక్కల సారు సుత తుమ్ముకుంట బయటికి ఉరికిండు. జహంగీర్ సార్ నన్ను ఒక్క మాట అనలే. మూతికి దస్తీ గట్టుకొని కాయలన్ని ఎత్తి సంచులల్ల నింపిండు. గప్పుడు సీటీ ఊదిండు. నెలసంది కట్టేసినట్టున్న పిల్లలు, ఎట్ల ఉరికిన్రనుకున్నవ్. ఆ పొద్దు నీరజ ఇంటికొచ్చి మారు పెట్టిచ్చుకొని తిన్నది. తెల్లారి నేనే పోయి అప్పటి పెద్దసారును బతిలాడి పీరియడ్ మళ్ల పెట్టిచ్చిన. కని ముందు సంతకం నాదేనని సార్‌కు చెప్పలే. మొఖం చెల్లలే. ఆయన పాయె, గది నా గుండెల ముల్లోలె ఉండిపాయె.

ఇయ్యాల అందరి ముందు చెప్పేసిన. ఎవ్వరు సంతకం పెట్టలే, మీ ఆట మీకు ఉన్నది. పాణం తేలికైంది బిడ్డా. బయటికొచ్చినంక మీ అమ్మ ఏమన్నదో ఎర్కేనా? 'గా సంతకం సంగతి సార్‌కు అప్పుడే తెలుసు బాపూ. “నీరజ నాయినను ఏమనకుర్రి, బిడ్డ మంచికే పెట్టిండు” అని మా క్లాసుల అందరికి చెప్పిండు' అన్నది. గంత తెలిసి, నా మొఖం జూసి ఒక్కనాడన్న...

జర గా మంచినీళ్లు ఇటియ్యి.