లియోకాదియో గారి వెనక జేబులోని రాళ్లు

1998 అక్టోబరు పదిహేడున, వాన వెలిసిన మధ్యాహ్నం, అరువు బూట్లతో మన గార్సాస్ బేస్‌బాల్ క్లబ్బులో అడుగుపెట్టిన లియోకాదియో పోలాంకో గారు, ఇరవై సీజన్లపాటు రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమనున్న ఎర్రమట్టిని కన్నబిడ్డలా కాచి, ఈ జనవరితో షార్ట్‌స్టాప్ బాధ్యత నుండి విరమించారు.

తొలి ఏడాదంతా బెంచీ మీదే. మరుసటేడు ముందున్నాయన వేలు విరగడంతో దక్కిన చోటును వారు మళ్లీ ఎవరికీ వదల్లేదు. 2004లో కప్పు తెచ్చారు. తుపానుకు స్టాండు పైకప్పు లేచిపోతే రేకులూ మోశారు. పరాయి దేశపు క్లబ్బు పిలిస్తే మన సీజను లేని రెండు వేసవులు ఆడివచ్చి, అక్కడి అరటికాయకు రుచే లేదన్నారు.

ఆట మొదలయ్యే ముందు వంగి, తన చోటులోని రాళ్లన్నీ ఏరి వెనక జేబులో వేసుకోవడం వారి అలవాటు. రాయి తగిలితే బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియదు. ఆ జేబు ఖాళీ చేయడం మాత్రం మరిచేవారు. క్లబ్బులో బట్టలుతికే, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే తొమాసా ఊరుకునేదా?

"ఒరేయ్ లియో, బంతాట ఆడొస్తున్నావా, రోడ్డు వేసొస్తున్నావా? నా మెషీను పళ్లు రాలుతున్నాయిరా!"

"ఏరకపోతే నా పళ్లు రాలతాయి దోన్యా. మెషీనుకైతే కొత్తవి దొరుకుతాయి."

ఈసారి ఫైనల్‌కు ముందు మూడు రోజులు జేబు ఖాళీగా వచ్చింది. తొమాసా వారిని బట్టలారేసే తీగ దగ్గరికి పిలిచింది.

"నడుము వంగట్లేదు కదూ?"

"ఎవరికీ చెప్పకండి దోన్యా. ఈ ఒక్క ఫైనల్ ఆడి దిగిపోతాను."

"నేనెందుకు చెప్తాను నాయనా? బంతే చెప్పేస్తుంది, అందరి ముందూ."

ఆ రాత్రి వారు అన్నం ముట్టలేదని భార్య మిరేయా గారు చెప్పారు. తెల్లవారి వారే మేనేజరు గది తలుపు తట్టి, తన చోటు ఇరవైమూడేళ్ల యెయ్‌సన్‌కు ఇమ్మన్నారు. సాయంత్రం ఫైనల్ మొదలయ్యే ముందు, నిండిన స్టాండ్ల ఎదుట, నడుము వంగదు గనుక రెండు మోకాళ్లపై పాకుతూ ఆ మట్టిలో రాళ్లన్నీ ఏరారు. కేకలతో స్టాండ్లు అదరగొట్టే జనం టోపీలు తీసి లేచి నిలబడ్డారు.

ఆఖరి బంతి అటే దొర్లింది. ఇస్త్రీ చేసిన గుడ్డ మీద దొర్లినట్టు తిన్నగా యెయ్‌సన్ గ్లవ్‌లోకి వెళ్లింది. అతను మొదటి బేసుకు విసిరి, పరుగెత్తేవాణ్ణి ఔట్ చేసి గెలిపించి, పరుగున వచ్చి, "ఇది మీరు పట్టిన బంతే అన్నా!" అని కావలించుకున్నాడు.

ఆ పూట ప్యాంటును తొమాసా మెషీన్లో వేయక చేత్తో ఉతికింది. జేబులో దొరికిన పదకొండు రాళ్లూ ఆమె కిటికీలో, కాఫీ డబ్బాలో ఉన్నాయి.

లియోకాదియో గారు నడుము కుదుటపడి, మనవల్ని ఎత్తుకుంటూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉందురుగాక. వారు నడిచే దారిలో రాళ్లను ఇకమీదట మరొకరు ముందుగా వెళ్లి ఏరుదురుగాక.