నీలం పడవ మీద నా అతుకు

నా పేరు షేక్ అల్లావుద్దీన్. తండ్రి పేరు మస్తాన్. వయసు యాభై నాలుగేళ్లు. ఇందుకూరుపేట మండలం మైపాడులో కాపురం. ఫైబర్ పడవలకు మరమ్మతు, పాలిషు చేయడం నా వృత్తి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఈ తీరంలో నా చేయి పడని పడవలు తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు, ఎవరినైనా విచారించుకోవచ్చు.

2025 ఏప్రిల్ 28న ఉదయం తొమ్మిది గంటలకు విడవలూరు మండలానికి చెందిన సుకుమార్ ఒక పాత పడవను ట్రాక్టర్ మీద నా షెడ్డుకు తెచ్చాడు. వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మాకు పని ఎక్కువ. ఏడాది కింద వేరే రేవులో కొన్నానని చెప్పాడు. పాత నంబరు గీకేసి కొత్తది వేసి ఉంది. చేతులు మారిన పడవలకు అది మామూలే, నేను అడగలేదు. "అల్లావుద్దీనన్నా, నిషేధం అయిపోయేలోపల కొత్తదాని మాదిరి చేసియ్యాల" అన్నాడు. చేస్తానన్నాను.

రంగు ఏమిటో కూడా తెలియనంతగా పడవ వెలిసిపోయింది. చేత్తో రాస్తే అరచేతికి తెల్లపొడి అంటింది. చాలామంది ఇలాంటి పడవకు పైన పెయింటు కొట్టి ఇచ్చేస్తారు. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే అది పొరలుగా లేస్తుంది. నేనలా చేయను. మంచినీళ్లతో కడిగి, నాలుగు వందల నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, ఎనిమిది వందలు, పన్నెండు వందలు, తడిపి తడిపి రుద్దాను. చచ్చిన పొర పోయి అసలు రంగు బయటికి రావాలి. వచ్చింది. నీలం.

మే 16న మధ్యాహ్నం మూడు గంటలకు కాంపౌండ్ పూసి మిషన్‌తో మెరుగు పెడుతున్నాను. వెనక, ఇంజన్ బిగించే చోటుకు ఎడమపక్క, అరచేయంత మేర నీలం కాస్త ఆకుపచ్చగా తేలింది. వెలిసిపోయి ఉన్నన్నాళ్లూ అది మిగతా రంగులో కలిసిపోయి కనపడలేదు. మెరుపు వచ్చాకే బయటపడింది. మిషన్ ఆపేశాను. ఆ అతుకు నాది.

అది 2016 జూన్ 14న వేసింది. ఆ రోజుతో నిషేధం ముగిసింది, తెల్లారితే అందరూ వేటకు పోవాలి. మా ఊరి చిన్నపోలయ్య పడవకు వెనక చిల్లు పడింది. నా దగ్గర చిల్లు మీద పరిచే ఫైబర్ మ్యాట్ అయిపోయింది, నీలం రంగు చాల్లేదు. లేదని చెప్పి ఉంటే సరిపోయేది. అల్లావుద్దీన్ దగ్గర లేదు అనే మాట నా నోటికి రాలేదు. నా గళ్ల లుంగీ చించి, మ్యాట్‌కు బదులు రెజిన్ జిగురులో ముంచి చిల్లుకు వేశాను. నీలంలో మిగిలిపోయిన పచ్చరంగు కలిపి పైన పూశాను. "రంగు తేడాగా ఉండాదే అన్నా" అన్నాడు చిన్నపోలయ్య. ఎండకు కలిసిపోతుందిలే అన్నాను. లుంగీ సంగతి చెప్పలేదు. సముద్రం మీదికి పోయే మనిషిని గుడ్డ అతుకుతో పంపాను.

2023 డిసెంబరు తుపానుకు ఆ పడవ ఒడ్డు నుంచి కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది చిన్నపోలయ్య గుండెపోటుతో చనిపోయాడు. ఆయన భార్య నాగులమ్మ ఎండుచేపలు అమ్ముకుని బతుకుతోంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ మూడు రోజులు నోరు విప్పలేదు. చెప్పాలంటే లుంగీ సంగతి చెప్పాలి. సిగ్గేసింది.

మే 19న ఉదయం ఏడున్నరకు నాగులమ్మ గంపతో షెడ్డు ముందు నుంచి పోతూ ఆగింది. గంప దించింది. "ఇది మా పడవ. కొన్నరోజు ఎట్టుండిందో అట్టనే ఉండాది" అంది. నేను తల వంచుకుని మైనం పూస్తున్నాను. ఆమె అటునుంచటే మీ పోలీసు స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు చేసింది.

ఈ రోజు, మే 20న, ఉదయం పదిన్నరకు తమరు నాగులమ్మను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చారు, సుకుమార్‌నూ పిలిపించారు. సుకుమార్ కొనుగోలు కాగితం చూపించాడు. గుర్తు ఏదైనా చెప్పమని నాగులమ్మను తమరు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆమె నా వైపు చూసి, "నీలంది సార్, మాదే" అని మాత్రం చెప్పింది. గుర్తులన్నీ నేనే రుద్దేశానని తమరన్నారు. పడవను సుకుమార్‌కు వదిలేయబోయారు. అప్పుడు నేను, "ఇక్కడ గళ్ల లుంగీ ముక్క ఉంటుంది, లేకపోతే నన్ను జీపెక్కించండి" అని ఉలి తీసుకున్నాను. ఇరవై రెండు రోజులు మెరుగు పెట్టిన పడవను నా చేత్తోనే పగలగొట్టాను. గళ్లు బయటపడ్డాయి.

నాగులమ్మ ఆశ్చర్యపోలేదు. "నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"తెలుసన్నా. ఆ ఏడే లోపలిపక్క పూత లేచి గళ్లు కనపడినాయి. ఆయనే మళ్లా రంగు పూసి కప్పేసినాడు. అల్లావుద్దీనన్న పేరు పోతాది, యాడా చెప్పబాకు అని నాచేత ఒట్టేయించుకున్నాడు."

"సార్ అడిగినప్పుడన్నా చెప్పొచ్చు గదా?"

"ఒట్టేసినాను గదన్నా" అంది.

రాసుకున్నది నాకు చదివి వినిపించారు. ఒకచోట 'పాత అతుకు' అని ఉంటే, 'నేను దాచిపెట్టి వేసిన గుడ్డ అతుకు' అని దిద్దించాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. రుద్ది రుద్ది నా వేళ్ల గీతలు అరిగిపోయాయి, ముద్ర సరిగా పడదు. అందుకని సంతకం పెడుతున్నాను. పడవ నాగులమ్మది. జూన్ 14 లోపల ఆ చిల్లు మూసి ఇస్తాను, ఈసారి మ్యాట్‌తో.

(సంతకం) షేక్ అల్లావుద్దీన్
మైపాడు, 20-5-2025, మధ్యాహ్నం 1.15